చిత్తూరు బొగ్గు బస్సు

తిరుపతి సత్రంలో ఒక రాత్రి తలదాచుకుని, తెల్లారగానే కూతుర్ని చంకనేసుకుని సేనమ్మ చిత్తూరు బస్సు బయలుదేరే చోటికి వచ్చింది. ఆమెది బర్మా దేశం. పుట్టినప్పుడు పెట్టిన పేరు మా సేన్. ఆ దేశంలో ఆడవాళ్ల పేరుకు ముందు 'మా' అని చేర్చి పిలుస్తారు. పెళ్లయ్యాక ఆమె మొగుడు జయరావు ఆ పేరును తన నోటికి తగ్గట్టు సేనమ్మ చేసుకున్నాడు. ఎనిమిదేళ్లు అతనితో కాపురం చేసి, అతను మాట్లాడే తెలుగునే మాట్లాడటం నేర్చుకుంది. రంగూన్ బియ్యం మిల్లులో గోదావరి వాళ్లూ విశాఖ వాళ్లూ ఆమె మాట విని నవ్వేవాళ్లు. "నీకు తెలుగు ఎవరు నేర్పారమ్మా, అచ్చం రాయలసీమ మనిషిలా మాట్లాడతావు" అనేవాళ్లు.

1942 మొదట్లో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపిస్తుంటే, వేలమందితో పాటు ఆ ముగ్గురూ కాలినడకన ఇండియా దారి పట్టారు. సరిహద్దు కొండల్లో జయరావుకు వాంతిభేది తగిలింది. రెండు రోజులు దారి పక్కనే పడి ఉన్నాడు. స్పృహ ఉన్నంతసేపూ ఒకటే చెప్పాడు. "తిరుపతిలో దిగి చిత్తూరు బస్సెక్కు. ఎర్రమిట్ట కాడ దించమను. పెంచలయ్య ఇల్లు యాడ అని అడుగు. మాయమ్మ నిన్ను చూసుకుంటాది." మూడో రోజు తెల్లవారేసరికి అతను లేడు. గొయ్యి తవ్వటానికి ఆమె దగ్గర ఏమీ లేదు. సాయం అడిగితే ఆగేవాళ్లు లేరు. నాలుగు అడవి కొమ్మలు విరిచి కప్పి, నాలుగేళ్ల మిమిని వీపుకు కట్టుకుని, ముందు పోతున్న జనంలో కలిసిపోయింది. ఆ తర్వాత అస్సాం శిబిరంలో ఐదు నెలలు జ్వరంతో పడి ఉండి, సర్కారు వాళ్లిచ్చిన రైలు పాసుతో ఇప్పటికి ఇక్కడికి చేరింది. వానలు మొదలయ్యాయి.

బస్సు చూసి మిమి భయపడింది. వెనకవైపు నిలువెత్తు ఇనుప పీపా ఒకటి తగిలించి ఉంది. నడివయసు క్లీనరు ఒకడు దాని కింద నిప్పు రాజేసి, పక్కనున్న చక్రం పిడి పట్టుకుని గిరగిరా తిప్పుతున్నాడు. పెట్రోలంతా యుద్ధానికి పోతున్నదని, ఇప్పుడు బస్సులన్నీ బొగ్గు మీదే నడుస్తున్నాయని పక్కనున్నవాళ్లు చెప్పారు. బొగ్గు రాజుకుని గ్యాసు పుట్టేదాకా బండి కదలదట. రాజుకున్నా, జనం నిండేదాకా కదలదట. రంగూన్‌లో బస్సు గంట కొట్టగానే పోయేది. ఎవరు ముందెక్కితే వాళ్లకు సీటు. బౌద్ధ సన్యాసి ఎక్కితే మాత్రం ఎవరో ఒకరు లేచి చోటిచ్చేవాళ్లు. అక్కడ తెలుసుకోవాల్సిన మర్యాద అదొక్కటే. ఇక్కడివి ఏమిటో చూసి నేర్చుకోవాలి అనుకుంది.

"ఆడోళ్లంతా ముందు బల్లకు రావాల! ఆడోళ్లు ముందు బల్ల!" అని కేకేస్తున్నాడు కండక్టరు అబ్దుల్ సత్తార్. ముప్పై ఏళ్లుంటాయి. మెడలో సంచీ, చెవి మీద పెన్సిలు. సేనమ్మను చూసి ఒక క్షణం ఆగి, ఆమె లుంగీనీ పొట్టి రవికనూ ఎగాదిగా చూసి, "రామ్మా, ఈడ కూర్చో" అని డ్రైవరు వెనకున్న ఆడవాళ్ల బల్ల చూపించాడు. ఆడవాళ్లకు వేరే చోటివ్వటం ఆమెకు మంచిదిగానే తోచింది.

బల్ల మీద అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. పేరు శకుంతలమ్మ. చిత్తూరు కోర్టులో గుమాస్తా భార్య. కొండకు వెళ్లి మొక్కు తీర్చుకుని వస్తున్నది. కాసేపు ఓరకంట చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏ దేశమమ్మా మీది?"

"రంగూన్ నించి వస్తా ఉండాము. మా ఆయనది ఈ పక్కే, ఎర్రమిట్ట."

శకుంతలమ్మ ఆశ్చర్యంతో నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, మన మాటే మాట్లాడతా ఉండావే! ఆయనేడి?"

"దారిలో పోయినాడు."

ఆవిడ కళ్లు నీళ్లతో నిండిపోయాయి. ఇంకేమీ అడగకుండా మిమిని లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఆకులో కట్టిన కొండ ప్రసాదం విప్పి, చిన్న ముక్క విరిచి పిల్ల నోట్లో పెట్టింది. తన చీర చెంగుతో పిల్ల ముఖం తుడిచింది. ఆర్నెల్ల తర్వాత తన బిడ్డను మరొకరు ఒళ్లోకి తీసుకోవటం చూసి సేనమ్మ ఒళ్లోని మూట కింద పెట్టి, బల్లకు వీపు ఆనించింది. పరాయి దేశమని భయపడుతూ వచ్చింది. ఇక భయం లేదనిపించింది.

చివరికి బొగ్గు రాజుకుంది. డ్రైవరు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, కర్పూరం వెలిగించాడు. బండి ఒక్కసారి ఊగి కదలగానే లోపలున్నవాళ్లందరూ "గోవిందా!" అని అరిచారు. మిమి కూడా అరిచింది. శకుంతలమ్మ నవ్వి దాని బుగ్గ గిల్లింది.

చంద్రగిరిలో బస్సు ఆగింది. తలపాగా చుట్టుకుని, చంకలో గొడుగు పెట్టుకుని ఒక పెద్దమనిషి ఎక్కాడు. ఎక్కగానే ముందు వరసలో మగవాళ్లు ముగ్గురు జరిగి చోటిచ్చారు. ఎర్రమిట్ట గ్రామ మునసబు ధనంజయ అని శకుంతలమ్మ చెప్పింది. ఆవిడే ఆయనను పలకరించింది కూడా.

"మునసబు గారూ, ఇదుగో, ఈయమ్మ మీ వూరి కోడలేనంట. రంగూన్ నించి వస్తా ఉండాది పాపం. మొగుడు దారిలో పోయినాడంట."

ఆయన తల తిప్పి చూశాడు. ముఖంలో జాలి ఉంది. "మా వూరి కోడలా? ఎవురింటికమ్మా?"

"పెంచలయ్య ఇంటికి. ఆయన కొడుకు జయరావు మా ఆయన."

"పెంచలయ్యలు ముగ్గురుండారు మా వూర్లో. జయరావనే వాడు ఎవురికీ లేడే." ఆలోచనగా గడ్డం రుద్దుకున్నాడు. "ఆ పెంచలయ్య ఏం చేస్తాడు?"

ఆ సంగతి సేనమ్మకు బాగా తెలుసు. రంగూన్‌లో జయరావు తన ఊరి గురించి చెప్పింది తక్కువ. చెప్పిన ఆ కాస్తలో, తన నాయన పని గురించి మాత్రం చాలాసార్లు చెప్పాడు. బావిలోంచి నీళ్లు తోడటానికి ఎద్దులు లాగే పెద్ద తోలుబాన ఉంటుందని, దాన్ని కపిల బాన అంటారని, నాయన కుడితే చుక్క కారేది కాదని, ఆ బాన లేకపోతే ఊళ్లో ఒక్క పైరు కూడా బతకదని చెప్పేవాడు. ఆమె ముఖం విప్పారింది.

"మా మామ కపిల బాన కుడతాడంట. వూర్లో బావులన్నిటికీ ఆయన కుట్టిన తోలేనంట."

పక్క బల్లల మీది వాళ్లు తలలు తిప్పి ఆమెను చూశారు. ధనంజయ ముఖంలో జాలి ఎటు పోయిందో ఆమెకు అర్థం కాలేదు. ఆయన కోప్పడలేదు. ముందుకు తిరిగి, కండక్టరుతో మాత్రం అన్నాడు. "మాదిగపల్లె మనిషిని తెచ్చి ఈడ కూర్చోబెట్టినావే, సత్తారూ."

శకుంతలమ్మ మిమి రెండు చంకల కింద చేతులు పెట్టి ఎత్తి, నేల మీద నిలబెట్టింది. పిల్ల మళ్లీ ఒళ్లో ఎక్కబోతే మోకాళ్లు పక్కకు తిప్పుకుంది. కోపంగా కాదు, కంగారుగా. "ముందే చెప్పి ఎక్కుండాల్సింది గదమ్మా" అని గొణిగింది.

"ఏం చెప్పాల?" అని అడిగింది సేనమ్మ. ఆమెకు నిజంగానే తెలియదు.

సత్తార్ దగ్గరికి వచ్చి, వంగి, మెల్లగా అన్నాడు. "ఎనక్కి రా అమ్మా. ఆడ చోటుండాది."

"ఈడా ఉండాది. తెల్లార్నించీ నేను ఈడే కూర్చోనుండా గదా. టికెట్టు నువ్వే ఇచ్చినావు."

"ఇచ్చినా. నువ్వు కూర్చుంటే బండి కదలదు. వాళ్లు కదలనియ్యరు. నా చేతిలో ఏముండాది చెప్పు? బిడ్డ ఉండాది నీకు. గమ్మున రా."

ఆమె బస్సు అంతా కలయజూసింది. ఒక్కరూ ఆమె కళ్లలోకి చూడటం లేదు. మూట తీసుకుని, మిమి చెయ్యి పట్టుకుని లేచింది. పిల్ల మాత్రం వెనక్కి తిరిగి తిరిగి ఆ ప్రసాదం ఆకు వంక చూస్తూ నడిచింది.

వెనక బల్లలు లేవు. చివర ఒక చెక్క అడ్డం కొట్టి, దాని అవతల వట్టి నేల వదిలారు. పక్కలకు గోడలు లేవు, చుట్టి పైకి కట్టిన తార్పాలిన్ పరదాలు మాత్రం ఉన్నాయి. బొగ్గు పీపా సరిగ్గా దాని వెనకే ఉంది. వేడి తగులుతోంది. ఇద్దరు కూలీలు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఒక ముసలాయన కాలు బారజాపుకుని పీపా వైపు తలపెట్టి పడుకున్నాడు. ఆ కాలికి వెదురు దబ్బలు వేసి కట్టు కట్టి ఉంది. పక్కన అతని భార్య.

"రా తల్లీ, ఈ పక్కకు రా" అని జరిగింది ఆ ముసలామె. "అంతా వినబడింది. నువ్వు పెంచలయ్య కోడలివా? మాదీ ఆ పల్లే. నా పేరు గంగులమ్మ. ఈయప్ప ఓబయ్య. చెట్టు మీంచి పడి కాలిరిగితే పుత్తూరులో కట్టు కట్టించుకోని వస్తా ఉండాము."

ఓబయ్య తలెత్తి ఆమెను పరీక్షగా చూశాడు. "జయరావని పేరు పెట్టుకున్నాడా వాడు? బాగుండాది. మాకు వాడు చిన్నబ్బ. నేను ఎత్తుకోని ఆడించినోణ్ణి." తర్వాత కొంచెం ఆగి అన్నాడు. "నీ మామ పోయి రెండేండ్లాయె తల్లీ. నీయత్త కుప్పమ్మ ఉండాది. వాడొస్తాడని దావ సూస్తా ఉండాది ఇంకా."

సేనమ్మ మిమిని ఒళ్లోకి లాక్కుంది. మెల్లగా అడిగింది. "ఆయన ఊరొదిలి ఎందుకొచ్చినాడు? నాకు ఎప్పుడూ చెప్పలా."

"ఎట్ల చెప్తాడు" అన్నాడు ఓబయ్య. "ఊరందరికీ చెప్పులు కుట్టేది మనమే. ఆ వీధిలో మన కాళ్లకు మాత్రం చెప్పులుండకూడదు. చేత్తో పట్టుకోని పోవాల. వీడు పద్దెనిమిదేండ్లోడు, తానే కుట్టుకున్న జోడు తొడుక్కోని నడి వీధిలో పోయినాడు. కట్టేసి కొట్టినారు. వారం దినాలు లేవలేదు. లేచినంక ఎవురికీ చెప్పకుండా పోయినాడు."

రంగూన్‌లో జయరావు బూట్లు లేకుండా గడప దాటేవాడు కాదు. నీళ్లు తేవటానికి పోయినా బూట్లు వేసుకునే పోయేవాడు. ఆమె ఎగతాళి చేసేది. అతను అబద్ధం చెప్పలేదు. చెప్పలేక ఊరుకున్నాడు. ఎనిమిదేళ్లు పక్కన పడుకున్న మనిషి ఒంటి మీద ఆ పాత మచ్చలు చూసి, బియ్యం బస్తాల ఒరిపిడి అనుకుంది తను.

పనపాకం దాటాక వాన అందుకుంది. మొదట చినుకులు, తర్వాత గాలితో కలిసిన జోరు. జల్లు వెనక నుంచి లోపలికి కొట్టి ముందు బల్లల దాకా పోతున్నది. "ఆ పరదాలు దించి కట్టు, సత్తారూ! బట్టలు తడిసిపోతా ఉండాయి" అని ముందు నుంచి కేకలు మొదలయ్యాయి.

"కట్టొద్దబ్బా!" అన్నది గంగులమ్మ గాభరాగా. "కడితే మాకు ఊపిరాడదు. ఈ పీపాలోంచి వచ్చేది కంటికి కనబడే పొగ కాదు. పోయిన నెల ఇట్లే కట్టినారు, మా పల్లె ఆడకూతురు ఒకతె సొమ్మసిల్లి పడిపాయ. ఒగ పక్కన్నా ఇడిసిపెట్టు."

సత్తార్ తాడు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ముందు నుంచి ధనంజయ గొంతు వినిపించింది. "ఏంరా, వాళ్లనడిగి కట్టేదా నువ్వు?" సత్తార్ ఇంకెవరి వైపూ చూడలేదు. రెండు పక్కలా పరదాలు దించి, తాళ్లు బిగించి కట్టి ముందుకు వెళ్లిపోయాడు.

లోపల చీకటయింది. గంగులమ్మ పరదా అంచు చేత్తో ఎత్తి పట్టుకుని, "బిడ్డ మొహం ఈ సందు కాడ పెట్టు" అన్నది. సేనమ్మ మిమిని ఆ సందు దగ్గర పడుకోబెట్టుకుంది. ఓబయ్య వైపు గాలి వచ్చే దారి లేదు. కాలు కదపలేడు కాబట్టి తల తిప్పుకోనూ లేడు. "నాకేం కాలేదులే" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి గంగులమ్మ అడిగితే, తల నొప్పిగా ఉంది, కాస్త నిద్రపోతానన్నాడు. సేనమ్మకూ కణతలు కొట్టుకుంటున్నాయి. పిల్ల తల వాల్చేసింది.

ఒక మిట్ట ఎక్కుతూ ఎక్కుతూ బండి మొరాయించి ఆగిపోయింది. బొగ్గు తడిసి గ్యాసు తగ్గిందని క్లీనరు అరిచాడు. సత్తార్ వచ్చి పరదా ఒక మూల విప్పాడు. "వెనకోళ్లు దిగాల. తొయ్యాల." అదీ ఆ దారిలో మామూలేనని గంగులమ్మ చెప్పింది. ముందు బల్లల వాళ్లు దిగరు. బరువు తగ్గించటానికి దిగాల్సిందీ, తొయ్యాల్సిందీ వెనక వాళ్లే. కూలీలిద్దరూ దిగారు. సేనమ్మ పిల్లను భుజాన వేసుకుని దిగీ దిగగానే రోడ్డు పక్కన కూర్చుని కక్కుకుంది. వాన ముఖాన కొట్టేసరికి మిమి ఏడ్చింది. ఆ ఏడుపు విని సేనమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

"నువ్వు యాడ దిగతావు ఆ కాలితో. ఉండు" అని మొగుడికి చెప్పి గంగులమ్మ కూడా దిగింది. అతను చెయ్యి ఊపాడో, ఊపినట్టు ఆమెకు అనిపించిందో. వాన లోపల పడకుండా సత్తార్ ఆ మూల మళ్లీ కట్టేశాడు. క్లీనరు పీపాలో కొత్త బొగ్గు వేసి, చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. అరగంట తిప్పాడు. కూలీలూ గంగులమ్మా తోశారు. బండి నాలుగడుగులు పోయి ఆగటం, మళ్లీ తొయ్యటం. సేనమ్మ పిల్లను ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి ఆ తడి ఇనుము మీద వేసి తోసింది.

మిట్ట మీదికి చేరాక ఇంజను అందుకుంది. ముందు నుంచి ఎవరో "గోవిందా" అన్నారు. గంగులమ్మ పరదా విప్పి లోపలికి ఎక్కింది.

"లెయ్యప్పా. వచ్చేసినాం, ఇంక నాలుగు మైళ్లే" అన్నది. అతని ముఖం ఎర్రగా, జ్వరం తగ్గి హాయిగా నిద్రపోతున్న మనిషిలా ఉంది. ఆ రంగు చూసి ఆమె ధైర్యంగానే ఉంది. భుజం తట్టింది. చెయ్యి పట్టి లేపబోయింది. ఆ చెయ్యి జారి నేల మీద పడింది.

ఆమె పెద్దగా ఏడవలేదు. "అబ్బా, సత్తారబ్బా, ఈయప్ప పలకలేదు" అని మాత్రం పిలిచింది, ఎవరినో సాయం అడిగినట్టు.

సత్తార్ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. గుండె మీద చెవి ఆనించాడు. లేచి నిలబడి ఏం చెయ్యాలో తెలియక సంచీ పట్టీ సవరించుకున్నాడు. సంగతి ముందు బల్లలకు పాకింది.

"ఆ పొగే చంపింది" అన్నది సేనమ్మ. అందరికీ వినబడేట్టు అన్నది. "కట్టొద్దని చెప్పినాం. అయినా కట్టినారు."

"కాలు చీము పట్టి సచ్చుంటాడు" అన్నాడు ధనంజయ. "ఏదైతేనేం, పోయినాడు. శవాన్ని పెట్టుకోని బండి ఎట్ల పోతుంది? దించండి. నేను ఊర్లో దిగతానే పల్లెకు కబురు పంపిస్తా. వాళ్లోళ్లొచ్చి మోసుకోని పోతారు."

"నాలుగు మైళ్లే గదా మునసబు గారూ" అన్నాడు సత్తార్. "ఎనక ఒగ మూల..."

"అందరూ తలకు పోసుకోవాల. చిత్తూరులో కోర్టు పనులుండేవాళ్లుండారు. నీకు తెలీదా?"

డ్రైవరు ముందుకే చూస్తూ కూర్చున్నాడు. కూలీలిద్దరూ ఓబయ్యను ఎత్తి, రోడ్డు పక్కన కాలవ మీది మోరీ గోడ వారన పడుకోబెట్టారు. వాళ్లు చిత్తూరు పనికి పోవాల్సినవాళ్లు. తల వంచుకుని మళ్లీ ఎక్కారు. గంగులమ్మ శవం తల ఒళ్లో పెట్టుకుని వానలో కూర్చున్నది.

"నువ్వు ఎక్కమ్మా" అన్నాడు సత్తార్ సేనమ్మతో. "బిడ్డతో తడవొద్దు. నీ వూరి కాడ దించుతా."

సేనమ్మ మెట్టు మీద ఒక కాలు పెట్టింది. బిడ్డ తడుస్తోంది. తనకు ఒంట్లో బాగాలేదు. ఈ ముసలివాళ్లు తనకు ఏమవుతారు? పొద్దున దాకా వాళ్ల ముఖం కూడా చూసి ఎరగదు. కొండల్లోనూ ఇట్లాగే ఎవరో భుజం మీద చెయ్యి వేసి, నడువమ్మా, బిడ్డ ఉండాది నీకు అన్నారు. ఆమె నడిచింది. అప్పుడు నడవటమే సరైన పని. ఇవాళా ఎక్కటమే సరైన పని కావచ్చు. కానీ కాలు రాలేదు.

మూట కిందికి లాక్కుంది. "పో" అన్నది సత్తార్‌తో. "నేను ఈడుంటా."

ముందు కిటికీలోంచి శకుంతలమ్మ తల బయట పెట్టింది. ఏడ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ బిడ్డనన్నా ఎక్కించు తల్లీ. వానలో సచ్చిపోతాది."

"యాడ కూర్చోబెడతారు?" అని అడిగింది సేనమ్మ.

శకుంతలమ్మ తల లోపలికి తీసుకుంది.

సత్తార్ జేబులోంచి కత్తి తీసి, వెనక తార్పాలిన్ పరదా తాళ్లు కోసేశాడు. యజమాని అడిగితే ఏం చెప్తావురా అని డ్రైవరు అరిచినా వినలేదు. ఆ గుడ్డ తెచ్చి సగం శవం మీద, సగం వాళ్ల ముగ్గురి మీద కప్పి, పరుగెత్తి బండెక్కాడు. బస్సు వెళ్లిపోయింది.

వాన తగ్గేసరికి పొద్దు నడినెత్తి దాటింది. రెండు బండ్లు ఆ దారిన పోయాయి. శవాన్ని చూసి బండ్లవాళ్లు ఎద్దులను రోడ్డు అవతలి అంచుకు తోలుకుని, తలలు తిప్పుకుని పోయారు. గంగులమ్మ కాలవ నీళ్లతో మొగుడి ముఖం కడిగింది. కట్టు కట్టిన కాలు సరిగ్గా జాపి పెట్టింది. "పుత్తూరులో చెప్పినారు, నెల్నాళ్లలో నడుస్తాడని" అన్నది. సేనమ్మ ఆమె తడి జుట్టు పిండి ముడివేసింది.

మునసబు మాట తప్పలేదు. పొద్దు వాలుతుండగా పల్లె మనుషులు పదిమంది మంచం మోసుకుని వచ్చారు. వాళ్లతో బాటు, అందరికన్నా వెనక, కర్ర పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. కుప్పమ్మ. రంగూన్ నుంచి కోడలు దిగిందని ఎవరో చెబితే ఆ వయసులో నాలుగు మైళ్లు నడిచింది. ఆమె సేనమ్మను చూసింది, పిల్లను చూసింది, తర్వాత వాళ్ల వెనక ఉన్న ఖాళీ రోడ్డు చూసింది.

"వాడేడి?"

"లేడత్తా."

కుప్పమ్మ పెదవులు కదిలాయి. శవం మీద పడి ఏడుస్తున్న గంగులమ్మను చూసి తన ఏడుపు మింగింది. కర్ర సేనమ్మ చేతికిచ్చి మిమిని చంకనేసుకుంది. "పద" అన్నది. "ముందు ఈయప్ప పని కావాల."

ఊరు దగ్గరయ్యాక మంచం మోసేవాళ్లు రోడ్డు వదిలి కాలవ గట్టు పట్టారు. పల్లె శవం ఊరి వీధిలో పోకూడదట. బురదలో మోకాళ్ల దాకా దిగబడుతూ, చుట్టూ తిరిగి, దీపాలు పెట్టే వేళకు ఓబయ్యను మట్టి చేశారు. మరుసటి వారం పల్లె పెద్దలు బస్సు యజమాని మనిషిని అడిగితే, కాలి జబ్బుతో పోయినవాడికి మేమేం చేస్తామన్నాడు. పరదా కోసినందుకు సత్తార్‌ను పనిలోంచి తీసేశారని మాత్రం తెలిసింది.

మట్టి చేసిన మరునాడు పొద్దున, గుడిసె వెనక రాతిపలక మీద సేనమ్మ కూర్చుని ఉంటే, కుప్పమ్మ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. రాత్రి ఆమె ఏమీ అడగలేదు. పిల్లకు రాగిసంకటి పెట్టి పక్కలో పడుకోబెట్టుకుంది.

"ఓబయ్యను పదిమంది మోసినారు" అన్నది నేల చూస్తూ. "నా కొడుకును ఎవురు మోసినారు?"

ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని సేనమ్మకు తెలుసు. రైల్లో ఐదు రోజులూ దీనికే జవాబు తయారు చేసుకుంది. ఊరి వాళ్లు నలుగురు తోడున్నారని, పూలు చల్లారని, నది ఒడ్డున పూడ్చామని చెబుదామనుకుంది. ముసలి ప్రాణానికి అది చాలు. ఆ మాటలన్నీ నోటి దాకా వచ్చాయి.

"ఎవురూ మొయ్యలేదత్తా" అన్నది. "నేనొక్కదాన్నే ఉండా. కొమ్మలు కప్పి వదిలేసి వచ్చినా."

సేనమ్మ తిట్ల కోసం ఎదురుచూసింది. ఆ ముసలామె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, మూలనున్న నీళ్ల కడవ దగ్గరికి నడిచింది. కొడుకు చనిపోయిన కబురు వింటే తలకు పోసుకోవాలి; నిన్న ఓబయ్య పనితో అది మిగిలిపోయింది. ఆర్నెల్లు ఆలస్యంగా, చీరతోనే, చెంబు తరవాత చెంబు నెత్తి మీద కుమ్మరించుకుంది. నీళ్ల మధ్య ఆమె గొంతులోంచి ఒక మూలుగు బయటికి వచ్చింది. అది ఆగలేదు. లోపల నిద్రలేచిన మిమి గుమ్మంలోకి వచ్చి భయంగా చూసింది.

కడవలో సగం నీళ్లు మిగిలాయి. కుప్పమ్మ చెంబు ముంచి పట్టుకుని కోడలి వైపు తిరిగింది.

"తలొంచు తల్లీ" అన్నది. "నీకు పోసేవాళ్లు కూడా లేకపోయినారు గదా ఆడ."

సేనమ్మ తల వంచింది.